పొట్లం మందుతో పోయేది కాదు

“మనుషుల కిడ్నీలకే దిక్కు లేదు, ఇక కుక్క కిడ్నీ గురించి కూడానా!” అని విసుక్కునేవాళ్లు ఈ పేజీ చదివేవాళ్లలోనూ ఉంటారు. వాళ్లతో నాకు తగవు లేదు. ఉద్దానం పల్లెల్లో మనుషులే కిడ్నీలు పోగొట్టుకుని మంచాన పడుతున్న తెలుగునేల మీద ఆ మాట అనడానికి కారణం ఉంది. కానీ ఒక ప్రాణిని ఇంట్లోకి తెచ్చుకుని, దానికో గిన్నె, దానికో పేరు పెట్టుకున్నాక, అది జబ్బున పడ్డ రోజున “కుక్కే కదా” అనడం మనవల్ల కాదు. అనకూడదని కాదు, అనలేం. అది మూల పడుకుని మనవైపే చూస్తుంటే మనకి ముద్ద దిగదు.

అలా అనలేని ఇళ్లలో మాదీ ఒకటి. పత్తర్‌గట్టి రాతి కమాన్ల వెనక గల్లీలో మాది పాత ఇల్లు. మదీనా నుంచి చార్మినార్ వైపు వచ్చేవాళ్లకి రోడ్డుకి రెండువైపులా చీరల దుకాణాలు, ముత్యాల దుకాణాలు, అత్తరు సీసాలు కనిపిస్తాయి గానీ, ఆ కమాన్ల వెనక కాపురాలున్నాయని, ఆ కాపురాల్లో కుక్కలూ ఉంటాయని చాలామందికి తెలియదు. మా రాణి ఏ జాతిదీ కాదు, గల్లీలో పుట్టిన ఊరకుక్క. పదకొండో ఏట దానికి కిడ్నీలు దెబ్బతిన్నాయని తేలింది. ఆ తర్వాత ఏడాదిన్నర బతికింది. ఆ ఏడాదిన్నరలో నేను విన్న సలహాలన్నీ రాస్తే ఓ నవలవుతుంది!

మా అత్తయ్య గలిజేరాకు తెప్పించమన్నారు. పక్కింటి ఖాలా “బేటీ, యునానీలో దీనికి అసలైన దవా ఉంది, పల్లేరుకాయలు నానబెట్టి ఆ నీళ్లు తాగించు” అంది. మావారి ఆఫీసులో ఎవరో హోమియో చుక్కలు చెప్పారు. మా ఆడపడుచు ఫోన్‌లో ఏదో వీడియో చూసి, అచ్చం కూరగాయలే పెట్టమంది. వాళ్లందరిదీ ప్రేమే. అందులో సందేహం లేదు. అందరూ ఒకే మాట మీద ఉన్నారు: “ఇంగ్లీషు మందులు వేడి, ఇవి మెత్తని మందులు.” ఈమధ్య ఆ మెత్తదనానికి ఓ కొత్త పేరొచ్చింది. హోలిస్టిక్ వైద్యం! సంపూర్ణ వైద్యం అని తెలుగు చేసుకోవచ్చు. పట్నంలో కుక్కల సామాన్లు అమ్మే దుకాణాల్లో ఆ మాట అచ్చేసిన డబ్బాలు వరసగా పేర్చి ఉంటున్నాయి.

మాట మంచిదే. నా పేచీ అంతా దాన్ని వాడే తీరుతోనే. సంపూర్ణం అంటే తిండీ, నీళ్లూ, నిద్రా, మందూ, పరీక్షా, ఇంటి వాతావరణం అన్నీ కలిపి చూడటం. మనవాళ్లు చేస్తున్నదేమిటంటే అన్నీ మానేసి ఒక పొడి పొట్లం పట్టుకోవడం! అది సంపూర్ణం ఎలా అవుతుందమ్మా? దాంట్లో ఉన్నదంతా ఒక్క చెంచాడే కదా.

ముందు జబ్బు సంగతి చూద్దాం. కిడ్నీ అంటే వడపోసే జల్లెడ అని చిన్నప్పుడు చదువుకున్నాం. అదొక్కటే కాదు, ఒంట్లో నీరు ఎంత ఉండాలో, ఉప్పు ఎంత ఉండాలో, రక్తపోటు ఎంత ఉండాలో చూసేదీ అదే. రక్తం పట్టడానికి కావలసిన హార్మోనూ అక్కడిదే. ఈ జల్లెడలో ఒకసారి మూసుకుపోయిన కన్నాలు మళ్లీ తెరుచుకోవు. దీర్ఘకాలపు కిడ్నీ జబ్బుకి ‘నయం కావడం’ అనేది లేదు. మిగిలిన కన్నాల మీద భారం తగ్గించడమే ఉంది. ఎవరైనా “పూర్తిగా నయం చేస్తాం” అన్నారంటే, అక్కడే లేచి వచ్చెయ్యండి.

ఇంకో చిక్కుంది. కుక్క చెప్పదు. కిడ్నీల పనిలో ఇంచుమించు ముప్పావు వంతు పోయేదాకా రక్తంలో క్రియాటినిన్ అనే లెక్క పైకి రాదు. అప్పటిదాకా అది తోక ఊపుతూనే ఉంటుంది. 2015 నుంచి ఎస్‌డీఎంఏ అనే ఇంకో రక్తపరీక్ష వాడకంలోకి వచ్చింది, అది కొంత ముందుగా పట్టిస్తుంది. కానీ అన్నిటికంటే ముందు పట్టించేది ఏ పరీక్షా కాదు, ఇల్లాలి కన్ను. ‘ఈమధ్య గిన్నె మాటిమాటికీ ఖాళీ అవుతోందేం? రాత్రి రెండింటికి లేచి బయటికి పోతానని గోకుతోందేం?’ అని అనిపించిందంటే అదే మొదటి సంకేతం. పాడైన కిడ్నీ మూత్రాన్ని చిక్కబరచలేదు, నీళ్లలాంటి మూత్రం ఎక్కువగా పోతుంది, అందుకని ఎక్కువ తాగుతుంది. మనం మాత్రం “ఎండలు కదా” అనుకుంటాం.

అనుకోవడం దేనికి, కొలవచ్చు. పొద్దున్నే కొలత మగ్గుతో నీళ్లు పోసి, మర్నాడు అదే వేళకి మిగిలింది కొలవండి. ఇలా మూడు రోజులు. కుక్క బరువులో కిలోకి 100 మిల్లీలీటర్లు దాటి రోజూ తాగుతుంటే అది మామూలు దాహం కాదు. అంటే పదిహేను కిలోల కుక్క రోజుకి లీటరున్నర దాటి తాగితే డాక్టరు దగ్గరికి నడవాల్సిందే. బరువు తగ్గడం, తిండి దగ్గరకొచ్చి వాసన చూసి వెనక్కి తిరగడం, పొద్దున్నే నురగలాంటి వాంతి, నోట్లోంచి ఘాటైన వాసన... ఇవన్నీ తర్వాతి మెట్లు.

పరీక్ష చేయించాక కాగితం తీసుకుని మడిచి బీరువాలో పెట్టకండి. అందులోని అంకెలు మనకి అర్థమయ్యేవే. కిడ్నీ జబ్బుల కోసం 1998లో ఏర్పడిన అంతర్జాతీయ పశువైద్యుల సంఘం ఒకటుంది, ఐరిస్ అంటారు. వాళ్లు ఈ జబ్బుని నాలుగు దశలు చేశారు. కుక్కలో క్రియాటినిన్ 1.4 లోపుంటే మొదటి దశ, 1.4 నుంచి 2.8 దాకా రెండోది, 2.9 నుంచి 5 దాకా మూడోది, 5 దాటితే నాలుగోది. దాంతోపాటు మూత్రంలో ప్రొటీన్ పోతోందా, రక్తపోటు ఎంత అన్నవి కూడా చూస్తారు. ఏ దశలో ఉందో తెలియకుండా ఏ తిండి పెట్టాలో, ఏ మందు వేయాలో ఎవరూ చెప్పలేరు, పెద్ద డాక్టరైనా సరే, మా అత్తయ్య అయినా సరే. మా రాణికి 3.1 వచ్చింది. మూడో దశ. ఆ అంకె తెలిసిన రోజున భయమేసింది గానీ, తెలిశాక చేయాల్సిన పని కూడా తెలిసింది.

ఇక తిండి. నా ఉద్దేశంలో ఈ జబ్బుకి అసలైన సంపూర్ణ వైద్యం ఇక్కడే ఉంది, అదీ మన వంటింట్లో. ఇది నేను గొప్పకి అంటున్నది కాదు, చరిత్రే అలా ఉంది. అమెరికాలో మోరిస్ ఫ్రాంక్ అనే అంధుడికి దారి చూపే కుక్క ఉండేది, పేరు బడ్డీ. 1930ల చివర్లో ఆ కుక్కకి కిడ్నీలు చెడిపోతే, న్యూజెర్సీలో మార్క్ మోరిస్ అనే పశువైద్యుడు తిండి మార్చి చూద్దామన్నాడు. ఆయనా, ఆయన భార్యా కలిసి సొంత వంటింట్లోనే ఆ తిండి తయారుచేసి గాజు సీసాల్లో పోసి పంపేవాళ్లట. దారిలో సీసాలు పగిలిపోతుంటే రేకు డబ్బాల్లోకి మారారు. 1948లో ఒక కంపెనీ దాన్ని పెద్దయెత్తున తయారుచేయడం మొదలుపెట్టింది. ఈరోజు దుకాణాల్లో వేలరూపాయలు పోసి కొంటున్న కిడ్నీ తిండికి పుట్టిల్లు ఒక ఇల్లాలి వంటగది! ఆవిడ పేరు మాత్రం డబ్బా మీద ఉండదు, అది వేరే కథ.

ఆ తిండి పనిచేస్తుందా అంటే, పనిచేస్తుంది. అమెరికాలోని మిన్నెసోటాలో 38 జబ్బు కుక్కల్ని రెండు జట్లు చేసి, ఒక జట్టుకి కిడ్నీ తిండి, ఇంకో జట్టుకి మామూలు తిండి పెట్టి చూశారు. 2002లో ఫలితం వచ్చింది. కిడ్నీ తిండి తిన్న కుక్కల్లో ప్రాణం మీదికొచ్చే ప్రమాదం నాలుగింట మూడొంతులు తగ్గింది, ఎక్కువకాలం బతికాయి కూడా. ఏ మూలికకీ, ఏ చుక్కకీ ఇంతటి రుజువు లేదు.

కిడ్నీ తిండి అంటే ఏమిటి? మాంసం పూర్తిగా మాన్పించడం అని అందరూ అనుకుంటారు. కాదు. అసలు శత్రువు భాస్వరం, అదే ఫాస్ఫరస్. దెబ్బతిన్న కిడ్నీ దాన్ని బయటికి పంపలేదు, అది రక్తంలో పేరుకుని ఎముకల్నీ కిడ్నీల్నీ ఇంకా పాడుచేస్తుంది. ఎముకల్లో, కాలేయంలో, పప్పుల్లో, పాలల్లో అది ఎక్కువ. గుడ్డు సంగతి చూడండి, నాకైతే ఆశ్చర్యమేసింది. వంద గ్రాముల పచ్చసొనలో 390 మిల్లీగ్రాముల దాకా భాస్వరం ఉంటే, తెల్లసొనలో పదిహేనే! పైగా తెల్లసొనలో ఉన్నంత మంచి ప్రొటీన్ వేరే చోట దొరకడం కష్టం. అందుకే ఉడికించిన తెల్లసొన, తెల్లన్నం, కొంచెం నూనె, కొద్దిగా ఎముక లేని కోడి మాంసం, సొరకాయ, బీరకాయ లాంటివి మా డాక్టరుగారు రాసిచ్చిన పట్టికలో ఉన్నాయి. పచ్చసొన పిల్లలకి.

ప్రొటీన్ తగ్గించాలి గానీ ఎత్తెయ్యకూడదు. మా ఆడపడుచు చెప్పిన అచ్చం కూరగాయల తిండి పెడితే కుక్క తన కండనే కరిగించుకు తింటుంది. ఆ కండ కరిగినప్పుడు పుట్టే మురికీ మళ్లీ అదే కిడ్నీ మీద పడుతుంది. పెరుగన్నం పెట్టి పెంచే ఇళ్లు మనలో చాలా. రెండు చెంచాల పెరుగు రుచికి పర్వాలేదు, గిన్నెడు మాత్రం వద్దు.

అలాగని ‘నేను వండేస్తా’ అని కొంగు బిగించేముందు ఇంకో సంగతి వినండి. 2012లో అమెరికాలో పశుపోషణ నిపుణులు కిడ్నీ జబ్బు కుక్కలకీ పిల్లులకీ పుస్తకాల్లోనూ మరోచోటా ఇచ్చిన 67 ఇంటి వంటకాల్ని లెక్కగట్టి చూశారు. కావలసిన పోషకాలన్నీ సరిపోయింది ఒక్కటీ లేదు! కాల్షియమో, విటమిన్లో, ఏదో ఒకటి తక్కువ. అంటే వంట మనదే, కొలత మాత్రం డాక్టరుది కావాలి. పైన కలపాల్సిన కాల్షియం, విటమిన్లు ఆయన రాసిచ్చినవే కలపాలి. గుడ్డు పెంకులు ఉడకబెట్టి, ఎండబెట్టి, మెత్తగా పొడి చేసి అన్నంలో కలిపితే ఆ సున్నం భాస్వరాన్ని పట్టుకుంటుందని ఒకరు చెప్పారు. మాట నిజమే, పెంకు నిండా ఉండేది కాల్షియం కార్బొనేటే, డాక్టర్లు దాన్ని మందుగానే వాడతారు. అయితే రక్తంలో కాల్షియం ఎంతుందో చూడకుండా వేస్తే అది పెరిగిపోయి ఇంకో తంటా. చేపనూనె కూడా అంతే. కిడ్నీకి మేలు చేస్తుందని కుక్కల మీద చేసిన పరిశోధనలే చెబుతున్నాయి. కానీ పిల్లలకి వేసే కాడ్‌లివర్ నూనె వేరు, అందులో ఎ, డి విటమిన్లు దండిగా ఉంటాయి, అది వద్దు.

వంటింటి నుంచి బయటపడేముందు, ఇప్పుడు చెప్పే మాట జబ్బు లేని కుక్కలున్న ఇళ్లు కూడా గుర్తుపెట్టుకోవాలి. ద్రాక్ష, కిస్మిస్ కుక్కల కిడ్నీలకి విషం. 2000 ప్రాంతం నుంచీ పశువైద్యులు ఈ మాట చెబుతున్నారు, కానీ ఎందుకో తెలియదు. ఒక కుక్క గుప్పెడు తిన్నా ఏం కాదు, ఇంకోటి నాలుగు గింజలకే మంచాన పడుతుంది. 2021లో టార్టారిక్ ఆమ్లం మీద అనుమానం పడింది. 2022లో వచ్చిన వ్యాసంలో ఇంకో పేరు చూసి ఉలిక్కిపడ్డాను. చింతపండు! చింతపండు తిన్న కుక్కలకీ కిడ్నీలు దెబ్బతిన్న సంఘటనలు అందులో ఉన్నాయి. చింతపండులోనూ ఆ ఆమ్లం దండిగా ఉంటుంది. మన తెలుగిళ్లలో మిగిలిన పులుసన్నం, చారన్నం, పులిహోర చివరికి పోయేది ఎక్కడికి? కుక్క గిన్నెలోకి. బిర్యానీలో, సేమ్యాలో, షీర్ ఖుర్మాలో కిస్మిస్ ఉండనే ఉంటుంది. పండగ పూట మా గల్లీలో ఎవరింట్లో ఏం మిగిలినా అరుగు మీద పెట్టడం అలవాటు. అది పుణ్యమే, కాదనను. అందులోంచి కిస్మిస్ ఏరి, పులుపూ ఉల్లిపాయా లేనిది పెడితే ఇంకా పుణ్యం. ఉల్లి, వెల్లుల్లి కుక్కల రక్తాన్ని విరగ్గొడతాయి. ఇక హలీంలూ ఎముకలూ ఉప్పూ సంగతి చెప్పక్కర్లేదు.

ఇప్పుడు మూలికల దగ్గరకొద్దాం. మా ఇంటి నుంచి నడుచుకుంటూ పోతే చార్మినార్ పక్కనే ఉస్మాన్ అలీఖాన్ కాలంలో కట్టిన నిజామియా యునానీ ఆస్పత్రి ఉంది. ఇప్పటికీ దూరాల నుంచి జనం వస్తుంటారు. ఇలాంటి చోట పెరిగిన వాళ్లకి మూలిక అంటే నమ్మకం ఉండటం సహజం. నాకూ గౌరవమే. ఖాలా కాచి ఇచ్చిన కషాయంతో నా దగ్గు ఎన్నిసార్లు తగ్గిందో! కానీ ఆ హకీములు చూసేది మనుషుల్ని, నాడి పట్టుకుని, ఒక్కొక్కరినీ విడివిడిగా. కుక్క నాడి చూడని మందుని, మనిషి కొలతతో, కుక్కకి వేయడం ఏ వైద్యశాస్త్రమూ ఒప్పుకోదు, యునానీ కూడా.

మన వాళ్లు చేసే మొదటి పొరపాటు రాయినీ, వాడిపోవడాన్నీ ఒకే జబ్బనుకోవడం. కొండపిండి ఆకు, ఉలవచారు, పల్లేరుకాయలు, ఇవన్నీ కిడ్నీలో రాళ్లకి పెద్దవాళ్లు చెప్పినవి. రాయికి మూత్రం జారీ చేసే మందు కావాలి. వాడిపోతున్న కిడ్నీ ఉన్న కుక్క ఇప్పటికే నీళ్లలా మూత్రం పోసుకుని ఎండిపోతోంది, దానికి ఇంకా జారీ చేస్తే ఉన్న తడి కూడా పోతుంది. ఉలవల్లోనైతే భాస్వరమూ ఎక్కువే.

గలిజేరు సంగతి కొంచెం వేరు. ఆయుర్వేదంలో పునర్నవ అంటారు. మళ్లీ కొత్తది చేసేదని పేరులోనే ఉంది. మా అత్తయ్య మాట తీసిపారేయలేదు నేను. 2015లో మన దేశపు పశువైద్యులే కిడ్నీ జబ్బున్న కుక్కల్లో పునర్నవ వేరు సారాన్ని, డాక్టర్లు మామూలుగా రాసే ఎనలాప్రిల్ అనే మందుతో పోల్చి చూసి, ఇంచుమించు దానికి సాటిగా పనిచేసిందని ఒక ఆయుర్వేద పత్రికలో రాశారు. సంతోషించాల్సిన విషయమే. అయితే అవి కొద్దిపాటి కుక్కలు, కొన్ని నెలల పరిశీలన. వాడింది కొలిచిన సారం, బజారు పొడి కాదు. పైగా పునర్నవ కూడా మూత్రం జారీ చేసేదే, అందులో పొటాషియం ఉంటుంది. ఎనలాప్రిల్ కూడా ఒంట్లో పొటాషియం పెంచుతుంది. డాక్టరుకి తెలియకుండా రెండూ కలిపి వేస్తే గుండె లయ తప్పే ప్రమాదం. అంటే ఈ మూలిక మీద పరిశోధన జరగాలి, జరగనివ్వాలి, మనం మాత్రం చెప్పకుండా వేయకూడదు.

“ఆకే కదా, చెడు చేయదు” అనే మాట ఒకటుంది చూశారూ, అది నాకు అన్నిటికంటే భయం. బెల్జియం రాజధాని బ్రస్సెల్స్‌లో లావు తగ్గించే ఒక క్లినిక్‌లో ఆడవాళ్లకి చైనా మూలికల మాత్రలు ఇచ్చారు. ఒక మూలిక బదులు పేరు దగ్గరగా ఉన్న ఇంకో మూలిక అందులో కలిసింది. ఎంతోమంది ఆరోగ్యంగా ఉన్న ఆడవాళ్ల కిడ్నీలు పూర్తిగా పోయాయి, డయాలిసిస్ మీద పడ్డారు. 1993లో ఈ సంగతి వైద్య పత్రికలకెక్కింది. దానికి కారణమైన అరిస్టొలోకియా కుటుంబం మొక్కలు మన చేల గట్ల మీదా ఉన్నాయి, గాడిదగడపాకు, ఈశ్వరి ఆ కుటుంబంవే. పొడి చేసి పొట్లం కట్టాక ఏ ఆకో ఎవరు చెప్పగలరు? ఇక పాదరసం, సీసం లాంటివి బూడిద చేసి కలిపే భస్మాలు, కుష్తాల సంగతి చెప్పేదేముంది! ఆ లోహాలు ముందు దెబ్బ కొట్టేదే కిడ్నీని.

ఇంగ్లీషు మందులన్నీ మంచివని కాదు సుమా. కుంటుతోందని మన పెట్టెలోని నొప్పి బిళ్ల కుక్కకి వేసే ఇళ్లు ఎన్ని లేవు? డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ కుక్క కిడ్నీని రోజుల్లో దెబ్బతీయగలవు. పశువులకి వేసిన ఆ డైక్లోఫెనాకే, వాటి కళేబరాలు తిన్న రాబందుల కిడ్నీల్ని చంపేసి, మన ఆకాశంలో రాబందు అన్నది లేకుండా చేసింది. 2006లో పశువైద్యంలో దాన్ని నిషేధించేసరికే ఆలస్యమైంది. డబ్బా తిండి కూడా ఎప్పుడూ నిర్దోషి కాదు, 2007లో అమెరికాలో మెలమైన్ కలిసిన గోధుమ ప్రొటీన్ వాడిన తిండి తిని కుక్కలూ పిల్లులూ కిడ్నీలు చెడి చచ్చిపోయాయి. కాబట్టి మెత్తని మందు, కరకు మందు అని లేదు. ఏం వేస్తున్నామో తెలిసి వేయడం, తెలియక వేయడం, అంతే తేడా.

అసలు జబ్బే రాకుండా చూసుకునే దారులు కొన్ని ఉన్నాయి. పిడుదులు ఒకటి. వాటి వల్ల వచ్చే జ్వరం తగ్గినట్టే తగ్గి లోపల కిడ్నీని తినేస్తుంది, హైదరాబాదు కుక్కల్లో అది మామూలు. రెండోది ఎలుకలు. ఎలుక మూత్రంతో పాకే లెప్టోస్పైరా క్రిమి నిలిచిన నీళ్లలో బతుకుతుంది. 2020 అక్టోబరు వరదల్లో పాతబస్తీ ఇళ్లలోకి నీళ్లెలా వచ్చాయో చూసిన వాళ్లకి వేరే చెప్పాలా? ఏటా వేయించే టీకాలో దీనిది ఉందో లేదో అడగండి. ఇది మనుషులకీ అంటుతుంది కాబట్టి, జబ్బు కుక్క మూత్రం తుడిచే చేతికి తొడుగు ఉండాలి. ఆ చేయి ఎవరిదో మీకూ తెలుసు.

ఆ మాటే కాస్త చెప్పాలి. కుక్కని తెచ్చేది మావారో, పిల్లలో. ఆడుకునేది అందరూ. జబ్బు చేస్తే మాత్రం అది ఇల్లాలి కుక్క అయిపోతుంది! రోజుకి నాలుగుసార్లు కొంచెం కొంచెం తిండి, రెండుపూటలా మాత్రలు, అర్ధరాత్రి తలుపు తీయడం, రోజు విడిచి రోజు చర్మం కింద సెలైన్ ఎక్కించడం. ఇది భయపడేంత పని కాదు, మా డాక్టరుగారు రెండుసార్లు చూపించి మూడోసారి నాచేతే చేయించారు. మెడ వెనక చర్మం గుడారంలా ఎత్తిపట్టి సూది పెడితే నీరు మెల్లగా దిగుతుంది, ఒంటె మూపురంలా ఉబ్బి గంటల్లో ఇంకిపోతుంది. సెలైన్ కొంచెం గోరువెచ్చగా ఉంటే అది కదలకుండా కూర్చుంటుంది. ఎంత ఎక్కించాలో ఆయన చెప్పినంతే, ఎక్కువైతే ఊపిరాడదు. మా ఇంట్లో ఆ బాటిల్ పట్టుకుని నిలబడే డ్యూటీ మావారికి వేశాను. మాత్రల డ్యూటీ పెద్దాడిది. ఇది కూడా వైద్యంలో భాగమే అంటాను నేను. ఒక్క మనిషి మీద పడితే ఏ వైద్యమూ ఏడాదిన్నర సాగదు.

ఇంటి పద్ధతులు కూడా చిన్నవే. నీళ్ల గిన్నెలు రెండుమూడు చోట్ల, రోజూ మార్చి పెట్టాలి. ‘రాత్రి మూత్రానికి లేపుతోంది’ అని నీళ్లు తీసెయ్యడం అన్నిటికంటే ప్రమాదం. కింద బండలు చల్లగా ఉంటే పాత బొంత. తినకపోతే అన్నం కాస్త వెచ్చబెట్టి వాసన తెప్పించడం, అప్పటికీ తినకపోతే బలవంతంగా నోట్లో కుక్కకుండా వికారం తగ్గే మందు అడగడం. డయాలిసిస్ కూడా ఉంది కుక్కలకి. చెన్నై వేపేరిలోని మద్రాసు పశువైద్య కళాశాలలో ఆ ఏర్పాటు ఉంది. హఠాత్తుగా దెబ్బతిన్న కిడ్నీకి, అంటే విషం తిన్నప్పుడో ఎలుక జ్వరం వచ్చినప్పుడో, అది ప్రాణం నిలబెట్టవచ్చు. ముసలితనంలో వాడిపోయిన కిడ్నీకి పెద్దగా ఉపయోగం లేదు.

చివరి మాట ఎవరూ అడగరు, అందరూ లోపల అనుకుంటారు. ఎప్పుడు ఆపాలి? క్రియాటినిన్ అంకె చూసి నిర్ణయించకండి. నాలుగో దశ అంకెలతో హాయిగా తిరిగే కుక్కలున్నాయి. నేను గోడ క్యాలెండర్ మీద రోజూ ఓ గుర్తు పెట్టేదాన్ని. తిన్నదా, వాంతి లేకుండా గడిచిందా, గల్లీ చివరిదాకా నడిచిందా? మూడిట్లో రెండు జరిగితే మంచిరోజు. చెడ్డరోజులు మంచిరోజుల్ని దాటిపోయిన వారం, నొప్పి తెలియకుండా నిద్రపుచ్చే ఇంజెక్షన్ గురించి మేమే డాక్టరుగారిని అడిగాం. అత్తయ్య ముందు ఒప్పుకోలేదు, మహాపాపం అన్నారు. నోట్లో పుళ్లు పడి నీళ్లు కూడా మింగలేక అది గిన్నె ముందు నిలబడి ఉండటం రెండు రోజులు చూశాక, “ఇంక దాన్ని బాధపెట్టకండ్రా” అని ఆవిడే అన్నారు.

మీ ఇంట్లో ఏడేళ్లు దాటిన కుక్క ఉంటే, ఇప్పుడు బాగానే ఉన్నా సరే, ఏడాదికోసారి రక్తం, మూత్రం రెండూ పరీక్ష చేయించండి. మూత్రం పొద్దున్నే మొదటిసారి పోసేది కావాలి. పొడుగాటి గరిటెకి చిన్న గిన్నె కట్టి వెనకనుంచి పట్టుకుంటే సులువు, శుభ్రమైన సీసాలో పోసి రెండు మూడు గంటల్లోపు చేర్చాలి. వెళ్లేటప్పుడు మూడు రోజుల నీళ్ల లెక్క, తింటున్నవన్నీ, వేస్తున్న పొడులూ ఆకులూ చుక్కలూ ఏమైనా ఉంటే వాటి డబ్బాలతో సహా పట్టుకెళ్లండి. డాక్టరు కోప్పడతారని దాచకండి. ఆయన కోపం ఐదు నిమిషాలుంటుంది.